ఎవరి తాలూకు?

పాలకొల్లు

చి.ల.సౌ. అమ్మడికి,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. మొదటిసారి ఏడుపే వినిపించింది, సంగతులు రెండోసారికి గాని తెలియలేదు. కూకట్‌పల్లిలో సామాను దిగిన రోజే బీరువా లిఫ్టులో పట్టక నాలుగో అంతస్తుకి మోయించడం, మోసినవాళ్ళు ఒప్పుకున్నదానికి రెట్టింపు అడగడం, గ్యాస్ లేక మూడు రోజులు హోటల్ ఇడ్లీలు, అల్లుడు అమీర్‌పేటలో మెట్రో మారబోయి నాగోలు వైపు వెళ్ళిపోవడం, శనివారం రాత్రి పప్పు దగ్గర మీ ఇద్దరికీ మాటా మాటా పెరగడం. వారం రోజులకి ఇది ఎక్కువే. మీ నాన్నకి మాత్రం చెప్పలేదు. చెబితే సాయంత్రం బండికి వచ్చేస్తాడు.

వీటన్నిటికంటే బస్సులో కండక్టరు నలుగురిలో టికెట్ తీసుకోమనడం నిన్ను ఎక్కువ నొప్పించిందని గొంతులోనే తెలిసింది. తెలంగాణలో ఆడవాళ్ళకి 2023 డిసెంబరు 9 నుంచి బస్సు ఉచితమే. కానీ ఆ రాష్ట్రంలో ఉంటున్నట్టు కార్డు చూపించాలి. మన ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పేరుతో ఉచిత బస్సు వచ్చింది కదా, ఆ అలవాటులో పాలకొల్లు అడ్రసున్న ఆధార్ తీసి చూపించావు. ఆయన తప్పేం లేదు. అక్కడివాళ్ళు వచ్చి మన బస్సెక్కినా ఇదే వరస.

ఇక్కడ సంతలో ఎక్కడ నిలబడ్డా "ఎవరి తాలూకమ్మా?" అంటారు. తాతయ్య పేరు చెబితే అరువు కూడా పుడుతుంది. అక్కడ ఆ మాట అడిగే దిక్కుండదు, కార్డు అడుగుతారు. నీకు గుచ్చుకున్నది పదో పరకో టికెట్ డబ్బులు కాదు, అదీ.

ఇంటావిడ మాత్రం "మీరేవిట్లు?" అని కులం అడిగిందన్నావు, నువ్వు చెప్పేశావట కూడా. నేనైతే "అద్దె ఒకటో తారీఖు దాటనివ్వని వాళ్ళమండీ" అనేదాన్ని. 1986లో మీ పెదనాన్నా నేనూ చిక్కడపల్లిలో నాలుగిళ్ళు తిరిగాక నేర్చుకున్న జవాబు అది. ఊరు ఎంత పెరిగినా ఆ ప్రశ్న అలాగే ఉందంటే నాకు ఒళ్ళు మండుతుంది.

అద్దె ఒప్పందం పదకొండు నెలలకే రాశారని అనుమానపడ్డావు. మోసమేమీ లేదు. ఏడాది దాటిన ఒప్పందాన్ని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చూ తిరుగుడూ ఎందుకని ఊరందరూ 11 నెలలకే రాసుకుంటారు. నాకు నచ్చనిది వేరే. అందులో అల్లుడి పేరొక్కటే ఉండడం. వెంటనే నీ పేరూ చేర్పించు. చిక్కడపల్లిలో మాకు గ్యాస్ పుస్తకం, రేషన్ కార్డు, అద్దె చీటీ అన్నీ మీ పెదనాన్న పేరునే ఉండేవి. ఆయన నెల్లాళ్ళు ఆదిలాబాద్ క్యాంపు వెళ్ళారు. సిలిండరు అయిపోయిందని నేను వెళ్తే "ఆయన్ని పంపండమ్మా" అన్నారు. ఇరవై రోజులు బొగ్గుల కుంపటి మీద వండాను. ఒకే ఇంట్లో ఉంటూ ఆ ఇంటికి నేనేమీ కానట్టు! అందుకే చెబుతున్నాను. అడ్వాన్సు రెండు నెలలది బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఎంత పట్టుకుంటారో ముందే రాయించండి. గోడలకి ఇప్పుడే ఫోటోలు తీసి పెట్టుకో. ఆధార్‌లో అడ్రసు మార్చడానికి ఏ కాగితం చెల్లుతుందో కేంద్రానికి వెళ్ళి కనుక్కుని, ఆ తరవాత లైన్లో నిలబడు.

గ్యాస్ సంగతి. మీ అత్తగారి ఊళ్ళో సిలిండరు, రెగ్యులేటరు అప్పగించి ట్రాన్స్‌ఫర్ వోచర్ తీసుకోవాలి. అది చేతికొచ్చేదాకా 5 కిలోల చిన్న సిలిండరు తెచ్చుకోండి. దానికి అడ్రసు రుజువు అక్కర్లేదు, గుర్తింపు కార్డు చాలు.

ఇక పప్పు. వంటింట్లో రెండు నల్లాలు (కొళాయి అంటే నవ్వుతారు, అక్కడ నల్లా) ఎందుకున్నాయో నువ్వు అడగనేలేదు. ఒకటి బోరుది, ఒకటి మంజీరది. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ, కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా బిరుసుగానే ఉంటుంది. నువ్వు బోరు నీళ్ళతో వండావు, అల్లుడు "పప్పు ఉడకలేదు" అన్నాడు, నువ్వేమో మీ అత్తగారి దాకా వెళ్ళావు! మంజీర నీళ్ళు ఎప్పుడొస్తాయో వాచ్‌మన్ భార్యని అడుగు. మీ అపార్ట్‌మెంటుకి ఆవిడే నీళ్ళ బోర్డు.

ఆ నగరానికి నీళ్ళదొక పెద్ద కథ. 1908లో మూసీ పొంగి ఊరిని ముంచేశాక, విశ్వేశ్వరయ్యగారి సలహాతో గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టారు. ఊరు పెరిగి అవి చాలక మంజీర తెచ్చారు, అదీ చాలక కృష్ణ, ఆపైన ఎల్లంపల్లి నుంచి గోదావరి. మేమున్నప్పుడు అలవాటైన పేరు కాబట్టి జనం ఏ నది నీళ్ళొచ్చినా మంజీరే అంటారు. నా లెక్కలో, మన కాలవకి చేరకముందే గోదావరి కొంచెం మీ ఊరికీ వెళ్తోంది. పరాయి ఊరని బెంగపడ్డప్పుడు ఒక గ్లాసు తాగు.

రైతుబజార్లో కూరగాయలావిడని చిలగడదుంపలు అడిగితే లేవన్నదట, ఎదురుగా కుప్ప పోసుకుని. కందగడ్డలనాలి. గోరుచిక్కుడు గోకరకాయ, ఉల్లిపాయ ఉల్లిగడ్డ. నీ మాట వదులుకోమనడం లేదు, ఆవిడ మాట కూడా నేర్చుకో. రాయదుర్గం ఆఫీసుకి మెట్రోలో అమీర్‌పేట దాకా వెళ్ళి మళ్ళీ ఇటు తిరిగి రావడం చుట్టుదారి అనీ, జేఎన్టీయూ దగ్గర హైటెక్ సిటీ బస్సు ఎక్కితే తిన్నగా పోవచ్చనీ చెప్పింది ఆవిడే కదా? అల్లుడి ఆఫీసులో అంతమంది చదువుకున్నవాళ్ళు ఒక్కరూ చెప్పలేదు. రోజూ ఆవిడ దగ్గరే కొను. రెండు రూపాయలు ఎక్కువైనా బేరమాడకు. నెల తిరిగేసరికి "నాలుగో అంతస్తు అమ్మ" అని నీకొక పేరు పడుతుంది.

మీ పోట్లాటలో నేను ఎవరి పక్షమూ కాదు. ట్రాఫిక్‌లో అతని ప్రాణం ఎంత పోతోందో నీకు తెలియదు, నీళ్ళ కోసం నువ్వెన్నిసార్లు లేస్తున్నావో అతనికి తెలియదు. ఒక పనిరోజు పొద్దున్నే అతనితో బస్సెక్కి ఆఫీసు గేటు దాకా వెళ్ళిరా. ఆదివారం వద్దు, ఆదివారం ఆ రోడ్డు వేరు. మరొక రోజు అతన్ని సెలవు పెట్టించి నల్లా దగ్గర, గ్యాస్ ఆఫీసు దగ్గర నిలబెట్టు. వాదించే పని సగం తగ్గుతుంది. మిగతా సగం ఎలాగూ ఉండేదే, మా ఇద్దరికీ నలభై ఏళ్ళయినా తీరలేదు.

బస్సు పార్సిల్లో మాగాయ, సున్నుండలు పంపిస్తున్నాను. గుర్తింపు కార్డు పట్టుకుని వెళ్ళు. ఇంతకుముందులా అల్లుడి పేరు వెయ్యలేదు, నీ పేరే రాయించాను.

పెద్దమ్మ