సిస్టర్ రావడం ఎందుకు ఆలస్యమవుతోంది?

రాత్రి రెండు గంటలు. సెలైన్ అయిపోవస్తోంది. మీరు వార్డు చివరి దాకా వెళ్ళి సిస్టర్‌ని పిలిచారు. "వస్తున్నానండీ" అన్నారు కానీ పది నిమిషాలైనా రాలేదు. "డబ్బులు కట్టించుకుంటారు గానీ పట్టించుకోరు" అని విసుక్కున్నారు. మీ ఆందోళనలో తప్పు లేదు. అయితే ఆ సమయంలో ఆమెకు తోడుగా మరో నర్సు ఎందుకు లేరో తెలుసుకుందాం.

ఒక వార్డు లెక్క

30 పడకల వార్డు ఉందనుకోండి. ప్రతి షిఫ్టులోనూ పదిమంది రోగులకు ఒకరు చొప్పున ముగ్గురు నర్సులు కావాలి. మూడు షిఫ్టులకు రోజుకు 9 డ్యూటీలు. వారాంతపు సెలవులు, ఇతర సెలవులు, అనారోగ్యం కలుపుకుంటే ఆ తొమ్మిది డ్యూటీలు నిండడానికి సుమారు 12 మంది ఉద్యోగులు ఉండాలి. ఎనిమిదిమందే ఉంటే రోజుకు ఆరు డ్యూటీలే నిండుతాయి. ఉదయం ముగ్గురు, మధ్యాహ్నం ఇద్దరు, రాత్రి ఒక్కరు. ముప్పైమంది రోగులకు ఆ ఒక్కరే!

ఇది కేవలం అసౌకర్యం కాదు. తొమ్మిది యూరప్ దేశాల ఆసుపత్రులలో జరిగిన అధ్యయనం 2014లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. ఆపరేషన్ అయినవారిలో, నర్సుకు ఒక్క రోగి అదనంగా పెరిగితే నెల లోపల మరణించే అవకాశం 7 శాతం పెరుగుతుందని అందులో తేలింది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 1999లో చట్టం చేసి, 2005 నుండి సాధారణ వార్డులో నర్సుకు ఐదుగురు రోగులకు మించకూడదని నిబంధన పెట్టింది.

కొరత ఉంటే జీతం పెరగాలి కదా?

టమాటాలు తక్కువగా వస్తే ధర పెరుగుతుంది. మరి నర్సుల కొరత ఉన్నా జీతం ఎందుకు పెరగదు? మన దేశంలో రిజిస్టరైన నర్సింగ్ సిబ్బంది 30 లక్షలకు పైగా ఉన్నారు. కాని వారిలో కొందరు విదేశాలకు వెళ్ళారు, కొందరు పని మానేశారు. ఇందుకు కారణాలు:

1. చిన్న పట్టణంలో ఆసుపత్రులు కొన్నే. అక్కడ వారు ఇచ్చిందే జీతం.

2. చదువు పూర్తయిన వారికి అనుభవ పత్రం అవసరం. అందుకని రెండేళ్ళు తక్కువ జీతానికే చేసి, తరువాత గల్ఫ్, బ్రిటన్, జర్మనీ దేశాలకు వెళుతున్నారు. వారి స్థానంలో మళ్ళీ కొత్తవారే వస్తారు.

3. స్కానింగుకు, ఆపరేషన్‌కు బిల్లులో వేరే పద్దు ఉంటుంది. నర్సు సేవ చాలాచోట్ల గది అద్దెలోనో, ప్యాకేజీలోనో కలిసిపోతుంది. ఆమె గంటగంటకూ పక్కకు తిప్పినందువల్ల రాకుండా పోయిన పడక పుండు ఏ బిల్లులోనూ కనబడదు. కాబట్టి ఖర్చు తగ్గించాలంటే ముందుగా నర్సుల పోస్టులే కనబడతాయి.

సుప్రీంకోర్టు ఆదేశంపై ఏర్పడిన కమిటీ, 50 పడకలకు లోపు ఉన్న ప్రైవేటు ఆసుపత్రులలోనూ నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని 2016లో సిఫారసు చేసింది. నర్సుల ఆందోళనల తరువాత కేరళ ప్రభుత్వం 2018లో కనీస వేతనాన్ని ఆ స్థాయికి పెంచింది. కొత్త కళాశాలలు పెట్టడం అవసరమే. కాని చదివినవారు ఉద్యోగంలో నిలవకపోతే అది చిల్లుకుండలో నీళ్ళు పోసినట్లే.

మీరు చేయగలిగినవి

* ఊపిరి ఆడకపోవడం, రక్తస్రావం, మాట తడబడడం, స్పృహ తగ్గడం వంటివి కనబడితే ఒక్క క్షణం ఆగకుండా పిలవండి. మొహమాటం వద్దు.
* సెలైన్ వేగాన్ని మీరే మార్చకండి. సీసాలో కొంత మందు మిగిలి ఉండగానే చెప్పండి.
* చిన్న సందేహాలన్నీ కాగితం మీద రాసుకుని ఒకేసారి అడగండి.
* డ్యూటీ మారే సమయంలో ఒకరు మరొకరికి వివరాలు అప్పగిస్తారు. అత్యవసరమైతే తప్ప అప్పుడు మాటల్లో పెట్టకండి.
* ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు "రాత్రిపూట ఈ వార్డులో ఎంతమంది నర్సులుంటారు?" అని అడగండి.
* ఫిర్యాదు ఉంటే సిస్టర్‌పై కేకలు వేయకుండా, నర్సుల సంఖ్య గురించి యాజమాన్యానికి రాసివ్వండి.

ఆ రాత్రి సిస్టర్ మీ దగ్గరకు రాని పది నిమిషాలు ఊపిరాడని మరో రోగి మంచం దగ్గర ఉండి ఉండవచ్చు. రేపు ఆ మంచంపై మనవాళ్ళే ఉండవచ్చు. రెండు మంచాల దగ్గరా ఒకేసారి నర్సు ఉండాలంటే, రెండో నర్సు జీతాన్ని వృథా ఖర్చుగా కాక వైద్యంలో భాగంగా లెక్కించాలి.