లంకెబిందెలు - నాణేల బేరం

నాగలికర్రుకు లంకెబిందెలు తగిలిన కథ వినిపించని పల్లె తెలుగునాట అరుదు. ఆ బిందెలలోని నాణేలు తరువాత ఏమయ్యాయో మాత్రం కథ చెప్పదు. కొన్ని కంసాలి మూసలో కరిగిపోతాయి. కొన్ని ప్రభుత్వ మ్యూజియానికి చేరుతాయి. మిగిలినవి చేతులు మారి నగరాల అంగళ్ళకు వస్తాయి. హైదరాబాదు పాతనగరంలో చార్మినారు పరిసరాలలో పాతనాణేలను పరచి అమ్మే చోట్ల ఈ మూడవ తెగ నాణేలు కనిపిస్తాయి.

నాణెం ఎంత పాతదైతే అంత ఖరీదని కొత్తగా సేకరణ మొదలుపెట్టినవారు భావిస్తారు. అది భ్రమ. చార్మినారు బొమ్మ గల నిజాముల హాలీ సిక్కా వెండి రూపాయి ఇరవయ్యవ శతాబ్దపు నాణెం. ఆ నాణేల చెలామణి 1959లో ముగిసింది. శాతవాహనుల సీసపు నాణేనికి దాదాపు రెండువేల ఏండ్లు. అయినా సాధారణమైన సీసపు నాణెం ఆ వెండి రూపాయికన్న చవకగా దొరుకుతుంది. ధరను నిర్ణయించేది వయస్సు కాదు. లోహం, స్థితి, అన్నింటికన్న ముఖ్యంగా లభ్యత. లభ్యతను ఒక్కరోజులో తలక్రిందులు చేయగలది నిధి.

1906లో నాసిక్ సమీపాన జోగల్‌తెంబిలో బయటపడిన నిధి ఇందుకు ప్రసిద్ధ నిదర్శనం. అంతకుముందు క్షహరాత రాజు నహపానుని వెండి నాణేలు అత్యంత అరుదు. ఆ ఒక్క నిధిలో పదమూడు వేలకు పైగా లభించాయి. నిన్నటి అపురూప వస్తువు నేడు సామాన్యమైంది. అయితే వాటిలో తొమ్మిదివేలకు పైగా నాణేలపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను తిరిగి వేయించాడు. ఓడిన రాజు ధనంపై గెలిచిన రాజు చేసిన సంతకమది! విడినాణేల అరుదుదనం తగ్గినా, నిధి మొత్తంగా ఒక విజయానికి సాక్ష్యమై నిలిచింది.

అంగడికి ఈ సాక్ష్యంతో పని లేదు. నిధి మొత్తం ఒక్కసారి బయటపెడితే ధర పడిపోతుంది. కనుక నేర్పరియైన వర్తకుడు కొద్దికొద్దిగా అమ్ముతాడు. స్పష్టమైన అక్షరాలున్నవి ధనిక సేకర్తలకు, అరిగినవి గుప్పెళ్ళ లెక్కన విద్యార్థులకు పోతాయి. పచ్చని కిలుమును ఆమ్లంతో తోమి మెరుగుపెట్టేవారూ ఉన్నారు. అక్షరంతోపాటు చరిత్రనూ తోమివేయడమే అది.

చెదరిపోయిన నిధి వల్ల కలిగే నష్టమెంతటిదో కోటిలింగాల నాణేలను చూస్తే తెలుస్తుంది. గోదావరి తీరాన ఆ గ్రామంలో దొరికిన నాణేలపై ఛిముకుని పేరు ఉన్నట్లు ఆచార్య పరబ్రహ్మశాస్త్రి వంటి పండితులు గుర్తించారు. ఛిముకుడు పురాణాలు శాతవాహన వంశకర్తగా పేర్కొనే సిముకుడే. తొలి శాతవాహనులకు తెలంగాణతో గల సంబంధం గురించిన చర్చకు అవి బలమిచ్చాయి. బలం నాణెంలో ఎంత ఉన్నదో, అది దొరికిన నేలలోనూ అంతే ఉన్నది. అదే నాణెం ఊరూపేరూ లేకుండా అంగడిలో కనిపించి ఉంటే ఆ వాదానికి ఆధారమయ్యేది కాదు. పెద్దబంకూరు తవ్వకాలలో బయటపడిన వేల నాణేలు శాస్త్రవేత్తల చేతిలో పడటం అదృష్టం.

మరి నిధి దొరికినవారు అధికారులకు ఎందుకు చెప్పరు? భయం ఒక కారణం. రెండవ కారణం చట్టంలోనే ఉన్నది. 1878 నాటి భారత గుప్తనిధి చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి. ప్రభుత్వం దానిని తీసుకోదలిస్తే లోహం విలువకు అందులో ఐదవ వంతు కలిపి చెల్లించాలని ఆ చట్టం నిర్దేశించింది. బంగారు మాడలకు ఈ లెక్క కొంత నయమే. సీసపు నాణేలకు లోహం విలువ ఎంత? బజారు చెల్లించేది సీసానికి కాదు, దానిపై ఉన్న రాజు పేరుకు. ఆ రెండింటి మధ్య వ్యత్యాసమే నాణేన్ని పొలం నుండి పాతనగరానికి నడిపిస్తుంది. ఎక్కడ దొరికిందని అక్కడ అడిగితే జిల్లా పేరుకు మించి జవాబు రావడం అరుదు. ఊరు చెబితే మిగిలిన బిందె జాడ కూడా చెప్పినట్లే కదా!