కెబారు ఒడ్డున పాటిదిబ్బలు

పాఠ్యభాగము: యెహెజ్కేలు 1:1–3, 3:15, యిర్మీయా 29:4–7



వేదాంత పాఠశాలలో చదువుకొను దినములలో కెబారు నది అనగా మన గోదావరివంటి మహానది యని తలంచియుంటిని. అది మనుష్యులు త్రవ్విన కాలువ యని తరువాత తెలిసినది. యూఫ్రటీసు నీటిని పొలములకు పారించిన పెద్ద కాలువలలో అది యొకటి; నిప్పూరు అను అతి పురాతన పట్టణపు ప్రాంతమున అది పారుచుండెను. నేను ఆ చోటు కన్నులార చూచినవాడను కాను. అయినను అక్కడ త్రవ్వినవారు వ్రాసిన గ్రంథములను, వారు తీసిన ఛాయాచిత్రములను ఆధారము చేసికొని ఈ నెల మిమ్మును ఆ దిబ్బలమీదికి తోడుకొని పోదును.

ఇరాకు దేశములో, బాగ్దాదునకు ఆగ్నేయముగా సుమారు నూరు మైళ్ళ దూరమున, అఫక్ అను ఊరికి సమీపమున ఆ దిబ్బలు కలవు. అక్కడివారు వాటిని నుఫ్ఫర్ అందురు. చుట్టును చదునైన నేల. కాలు పెట్టిన చోటనెల్ల పగిలిన కుండపెంకులు. ఎండిపోయిన కాలువ పల్లమొకటి దిబ్బలను నడుమ రెండుగా చీల్చుచున్నది. తూర్పు వైపున అన్నిటికంటె ఎత్తుగా నిలిచినది గోపురపు మొండెము. క్రీ.పూ. 2100 ప్రాంతమున ఊరు పట్టణపు రాజైన ఊర్‌నమ్ము దానిని ఇటుకలతో కట్టించెను. బాబెలు గోపురమును గూర్చి చదువునప్పుడు ఇట్టి కట్టడమునే మనస్సున ఉంచుకొనవలెను. దాని కొనమీద ఇటుకల ఇల్లొకటి కనబడును. దానినిచూచి సుమేరీయుల పనితనమును మెచ్చుకొనవద్దు సుమా! అది సుమారు 1900లో త్రవ్వకములకు వచ్చిన అమెరికావారు తమ కొరకు కట్టుకొన్నది.

ఆ అమెరికావారు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునకు చెందినవారు. మొదట 1889లో వచ్చిరి. వారి కావలివాడొకడు గుఱ్ఱమును దొంగిలింప వచ్చినవానిని కాల్చిచంపగా, ఆ యూరివారు కోపించి వారి గుడిసెలకు నిప్పుపెట్టిరి. ఆ యేటి పని అంతటితో ముగిసెను. అయినను మరల వచ్చి 1900 వరకు త్రవ్వి, వేలకొలది మట్టిపలకలు తీసిరి.

ఈ గోపురము ఎన్లిల్ అను దేవతది. దాని ప్రక్కనున్న గుడికి ఎకూర్ అని పేరు, అనగా పర్వతగృహము. నిప్పూరు ఏ రాజ్యమునకును రాజధాని కాదు; అయినను ఎన్లిల్ అంగీకారము లేనివాడు సుమేరు దేశమంతటికి రాజని చెప్పుకొనలేకపోయెను. సర్గోను అను రాజు, తాను ఓడించిన రాజు మెడకు కొయ్య తగిలించి, ఎన్లిల్ ద్వారము నొద్దకు ఈడ్చుకొని వచ్చితినని శాసనము వ్రాయించెను. ఓడినవాని దేవుడుకూడ ఓడినట్టే అని ఆ కాలపు జనుల తలంపు.

ఇట్టి దేశమునకు క్రీ.పూ. 597లో యెరూషలేమునుండి చెరపట్టబడినవారు తేబడిరి. యెహెజ్కేలు వారిలో నొకడు. యాజకుడే గాని, సేవచేయుటకు ఆలయము లేదు. ఐదవ యేట, అనగా క్రీ.పూ. 593లో, ఆకాశము తెరవబడుట అతడు చూచినది ఈ కాలువ యొడ్డుననే. సింహాసనము క్రింద చక్రము లుండుట గమనించుడి. ఆ చక్రములను గూర్చి ఎందరో ఎన్నో చిత్రములు గీసిరి. నా మట్టుకు నాకు తోచు సంగతి యొకటే: ఆ సింహాసనము యెరూషలేములో పాతబడినది కాదు, చెరవారు ఉన్న చోటికి వచ్చినది.

తరువాత వారి గతి యేమాయెను? 1893లో నిప్పూరు పడమటి దిబ్బలో ఒక గదినిండ మట్టిపలకలు దొరికెను. అవి ఏడు వందలకు పైగా ఉన్నవి. మురషు అను షాహుకారు కుటుంబపు లెక్కలవి, క్రీ.పూ. 5వ శతాబ్దమునకు చెందినవి. కోరెషు రాజు యూదులకు తిరిగి పోవ సెలవిచ్చి అప్పటికి నూరేండ్లు దాటెను. ఈ కుటుంబమువారు పొలములు కౌలునకు పట్టి, ఎద్దులను, విత్తనములను, కాలువ నీటిని రైతుల కిచ్చి, ఖర్జూరపు పండ్లును యవలును కొలిపించుకొనుచుండిరి. పన్ను కట్టలేనివారికి వెండి అప్పిచ్చి పొలము తాకట్టు పట్టుచుండిరి. నోటు వ్రాసి యిచ్చినవారికి ఈ సంగతి వేరుగ వివరింప నక్కరలేదు.

ఆ పలకలలో యూదుల పేళ్లు కలవు: హనన్యా, మత్తన్యా, బెన్యామీను. క్రీ.పూ. 421 ప్రాంతపు పలకలో గెదల్యా అనువాడొకడు మాటలాడుచున్నాడు. రాజు సేవకు ఒక రౌతును పంపవలసిన మాన్యములో అతనికిని మురషు కుటుంబపు రీమూత్ నినుర్తకును భాగము కలదు. నాకు గుఱ్ఱమును, కవచమును, ఖర్చునకు ఒక మీనా వెండియు ఇమ్ము, ఎరెకు పట్టణమునకు నేనే పోదునని గెదల్యా ఒప్పుకొనుచున్నాడు. నినుర్త అనగా ఎన్లిల్ కుమారుడని ఆ జనులు కొలిచిన దేవత. గెదల్యా అనగా యెహోవా గొప్పవాడు. ఒకే మట్టిపలకమీద ఈ రెండు పేళ్లు! వెండి యిచ్చువాడు గోపురపు దేవత పేరుగలవాడు. ప్రాణమొడ్డి పోవువాడు మనవాడు.

యెరూషలేమునకు తిరిగి వెళ్లని వీరిని గద్దించుచు చేసిన ప్రసంగములు నేను వింటిని, ఒకసారి నేనే చేసితిని. ఇప్పుడు అట్లు చేయ మనస్సొప్పదు. ఇండ్లు కట్టుకొని తోటలు నాటుడని, ఆ పట్టణపు క్షేమము కొరకు ప్రార్థించుడని యిర్మీయా వ్రాసి పంపినది వీరి పితరులకే గదా. అందరును పేరు నిలుపుకొనలేదు. కొన్ని ఇండ్లలో తండ్రికి బబులోను పేరు, కుమారునికి యెహోవా పేరు. ఆలయమును తిరిగి కట్టించిన జెరుబ్బాబెలు పేరే బబులోను సంతానమని అర్థమిచ్చును. బడిలో నొక పేరును, బాప్తిస్మమున నొక పేరును గల మనము పేళ్లు చూచి తొందరపడి తీర్పు తీర్చరాదు. అయితే అప్పులలోను కౌలులోను ఉండి, నాలుగైదు తరములు గడిచినను, ఆ గోపురము నీడన బిడ్డకు గెదల్యా అని పేరు పెట్టిన తల్లిదండ్రులు ఉండిరి.

చెరవారు కాపురమున్న గ్రామమునకు తేలాబీబు అని పేరు. ఆ భాషలో తేల్ అనగా దిబ్బ. పాడుపడిన ఊరి మట్టి, మనము పాటిదిబ్బ అనునట్టిది. ఎజ్రా 2:59లో తేల్మెలహు, తేల్హర్షా అను పేళ్లు కూడ చూడుడి. పాడైన భూములను సాగులోనికి తెచ్చుటకే వారిని అట్టి చోట్ల దింపియుందురని పండితులు తలంచుచున్నారు. కెబారు దర్శనము చూచిన పిమ్మట యెహెజ్కేలు ప్రసంగించుటకు పరుగెత్తలేదు. ఆ దిబ్బమీదివారి యొద్దకు వచ్చి, వారు కూర్చున్న చోట తానును కూర్చుండి, ఏడు దినములు విభ్రాంతుడై వారి మధ్య ఉండెను.