విండోస్ ఫోన్ పోయింది, ఆ టీమ్ ఏం చేసింది? ప్రొడక్ట్ మేనేజర్ కావాలనుకునేవాళ్లకి ఒక పాఠం

2013లో పదివేల రేంజ్‌లో ఫోన్ వెతికినవాళ్లకి నోకియా లూమియా 520 గుర్తుండే ఉంటుంది. 512 ఎంబీ ర్యామ్‌తోనే హ్యాంగ్ అవ్వకుండా నడిచేది. అదే ధరలో ఆండ్రాయిడ్ ఫోన్లు అప్పట్లో ఎలా ఉండేవో మీకు తెలుసు. ఫోన్ బాగుంది, కానీ దాని ప్లాట్‌ఫామ్ మొత్తం పోయింది. ఇలాంటి ఫోన్ల మీద రివ్యూలు బోలెడు వచ్చాయి. అది పోయాక లోపల ఉన్నవాళ్లు ఎలా నిలబడ్డారనేది మాత్రం తక్కువ మందే రాశారు. ప్రొడక్ట్ మేనేజర్ జాబ్ వైపు చూస్తున్నవాళ్లు తెలుసుకోవాల్సింది అదే.

ముందు ఒక మాట. ప్రొడక్ట్ మేనేజర్ అంటే టీమ్‌కి బాస్ కాదు. కోడ్ మాలాంటి ఇంజినీర్లు రాస్తారు, స్క్రీన్లు డిజైనర్ గీస్తారు. ఎవరి కోసం చేస్తున్నాం, ఏది ముందు, ఏది వద్దు అని తేల్చేది ప్రొడక్ట్ మేనేజర్. చేతిలో అధికారం తక్కువ, జవాబుదారీ ఎక్కువ. అందుకే దెబ్బ తగిలితే తట్టుకోవడం ఈ జాబ్‌లో ఎక్స్‌ట్రా క్వాలిటీ కాదు, రోజువారీ పనిలో భాగం.

వద్దన్నవాడే సర్దాల్సి వచ్చింది

2013 సెప్టెంబర్‌లో మైక్రోసాఫ్ట్ నోకియా ఫోన్ల బిజినెస్‌ని దాదాపు 720 కోట్ల డాలర్లకి కొంటున్నట్టు ప్రకటించింది. అప్పటి సీఈఓ స్టీవ్ బాల్మర్ తన కింద పనిచేసే లీడర్ల అభిప్రాయం అడిగితే, మన హైదరాబాద్ సత్య నాదెళ్ల వద్దనే చెప్పారు. ఈ విషయం ఆయనే తన పుస్తకం హిట్ రిఫ్రెష్‌లో రాసుకున్నారు. డీల్ ఆగలేదు. 2014 ఫిబ్రవరి 4న ఆయనే సీఈఓ అయ్యారు, ఏప్రిల్‌లో డీల్ పూర్తయింది. వద్దన్న బిజినెస్ ఆయన టేబుల్ మీదకే వచ్చి పడింది.

ప్రొడక్ట్ మేనేజర్లకి కూడా ఎక్కువగా జరిగేది ఇదే. మీరు ఒప్పుకోని నిర్ణయాలే మీ చేతికి వస్తాయి. "నేను ముందే చెప్పానుగా" అనడం వల్ల టీమ్‌కి పైసా ఉపయోగం ఉండదు.

నాదెళ్ల ఏం చేశారు? 2014 మార్చిలోనే ఐప్యాడ్‌కి ఆఫీస్ రిలీజ్ అయింది. దాని పని ఆయన రాకముందే మొదలైంది, స్టేజ్ ఎక్కి చూపించింది మాత్రం ఆయన. 2015లో వర్డ్, ఎక్సెల్ ఆండ్రాయిడ్ ఫోన్లకీ వచ్చాయి. సొంత ఫోన్ అమ్ముకుంటూనే పక్కవాడి ఫోన్‌లో తన యాప్స్ పెట్టడం అన్నమాట. 2015 జులైలో 760 కోట్ల డాలర్లు నష్టంగా రాసేశారు. అంటే మొదట ప్రకటించిన ధర కంటే ఎక్కువే. అదే రోజు 7,800 ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటించారు, ఎక్కువ భాగం ఫోన్ల విభాగంలోవే. "కంపెనీ తట్టుకుని నిలబడింది" అని గొప్పగా చెప్పుకునే ముందు ఈ నంబర్ కూడా చదవాలి. తట్టుకున్నది కంపెనీ, ఆ 7,800 మందిలో ఒక్కొక్కరి కథ వేరే.

ఇక్కడ నాకు కనిపించేది ఒకటే. విండోస్ ఫోన్‌లో డాక్యుమెంట్ తెరవాలనుకున్న యూజర్‌కి కావాల్సింది డాక్యుమెంట్, ఫోన్ మీద ఏ లోగో ఉందనేది కాదు. వస్తువుని వదిలేసి యూజర్ పనిని పట్టుకున్నారు. మొండిగా ఇంకో లూమియా, ఇంకో లూమియా అని దింపుతూ పోవడం ధైర్యంలా కనిపించేది కానీ, యాప్స్ లేని ప్లాట్‌ఫామ్‌కి అది మందు కాదు. నిజానికి ఆ దెబ్బ ముందే మొదలైంది. 2012లో విండోస్ ఫోన్ 8 వచ్చినప్పుడు, కొన్ని నెలల క్రితమే కొన్న లూమియా 900కి కూడా అప్‌గ్రేడ్ ఇవ్వలేదు. నమ్మి కొన్నవాళ్లే ముందు దూరమయ్యారు.

అయితే 2023లో నాదెళ్ల ఒక ఇంటర్వ్యూలో, ఫోన్ల నుంచి అలా తప్పుకోకుండా వేరే దారి చూసి ఉండొచ్చేమో అన్నారు. కాబట్టి వదిలేయడమే కరెక్ట్ అని నేనూ బల్లగుద్ది చెప్పను.

ఇంకో దారి కూడా ఉంది. గెలాక్సీ నోట్ 7 బ్యాటరీలు కాలిపోతున్నాయని 2016 సెప్టెంబర్ 2న శాంసంగ్ రీకాల్ ప్రకటించింది. మార్చి ఇచ్చిన ఫోన్లు కూడా కాలాయి. అసలు కారణం పూర్తిగా తేలకముందే కొత్త ఫోన్లు చేతికిచ్చారు కాబట్టి. అక్టోబర్‌లో ప్రొడక్షన్ మొత్తం ఆపేశారు. 2017 జనవరిలో, రెండు సప్లయర్ల బ్యాటరీల్లో వేర్వేరు లోపాలు ఉన్నాయని బయటికి చెప్పి, ఎనిమిది అంచెల బ్యాటరీ చెక్ పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో నోట్ 8 తెచ్చారు. నోట్ పేరు మార్చలేదు, టెస్టింగ్ మార్చారు. ఫోన్ల చరిత్రలో అంతకంటే గట్టి కమ్‌బ్యాక్ నాకైతే కనిపించలేదు.

ధవళేశ్వరం దగ్గర చూసి నేర్చుకోండి

సరే, మన లాంటి చిన్న టీమ్స్ ఏం చేయాలి? దానికి సియాటిల్ దాకా వెళ్లక్కర్లేదు. మా గోదావరి జిల్లాల్లో ప్రతి వానాకాలం కనిపించేదే. ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఏ హెచ్చరికకి ఏం చేయాలో, లంక గ్రామాలకి పడవలు ఎప్పుడు పంపాలో ముందే అనుకుని ఉంటారు. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు, "ఇది నిజంగా ప్రమాదమేనా" అని అర్ధరాత్రి మీటింగ్ పెట్టుకోవాల్సిన పని లేదు. స్కేల్ మీద నంబర్ చూస్తే చాలు.

లాంచ్‌కి ముందు మీ ప్రొడక్ట్‌కి కూడా ఇలాంటి మూడు గీతలు గీసుకోండి. క్రాష్‌లు ఎంత శాతం దాటితే యాడ్స్ ఆపాలి, ఎంత దాటితే పాత వెర్షన్‌కి వెళ్లాలి, ఎప్పుడు ఫీచర్‌ని పూర్తిగా తీసేయాలి. ప్రతి గీత పక్కన నిర్ణయం తీసుకునే మనిషి పేరు ఉండాలి. లాంచ్ రోజు ప్లే స్టోర్‌లో వన్ స్టార్ రివ్యూలు వరసగా పడుతుంటే ఎవరి బుర్రా సరిగా పనిచేయదు. ప్రశాంతంగా ఉన్నప్పుడు రాసుకున్న కాగితమే అప్పుడు దిక్కు. కొత్త ప్రొడక్ట్‌కి ఎంత శాతం పెట్టాలో మొదట్లో అంచనా దొరకదు, పర్లేదు. ఒక నంబర్ రాసి, రిలీజ్ రిలీజ్‌కీ సరిచేసుకోండి.

దెబ్బ తగిలాక టీమ్‌తో మాట్లాడే తీరు ఇంకో ఎత్తు. 2016 మార్చిలో మైక్రోసాఫ్ట్ టే అనే చాట్‌బాట్‌ని ట్విట్టర్‌లో వదిలితే, జనం దానికి బూతులు, ద్వేషం నేర్పేశారు. ఒక్కరోజులోనే తీసేయాల్సి వచ్చింది. నాదెళ్ల ఆ టీమ్‌కి, ఆగకండి, నేను మీ వెంట ఉన్నాను అని మెయిల్ రాశారు. అదే ఏడాది డిసెంబర్‌లో జో అనే ఇంకో బాట్ వచ్చింది. తిట్లు తింటారని భయపడే టీమ్ తర్వాతి సారి బగ్ కనిపించినా నోరు విప్పదు. ఇంజినీర్‌గా ఇది నేను దగ్గరనుంచి చూసిన సంగతే.

ఇంటర్వ్యూలకి ప్రిపేర్ అవుతున్నవాళ్లు ఈ వారం ఒక పని చేయండి. మీ ఇంట్లో డ్రాయర్‌లో పడి ఉన్న పాత ఫోన్ తీసి, దాని లాంచ్ రివ్యూ ఒకటి వెతికి చదవండి. ఆ ఫోన్‌కి మీరే ప్రొడక్ట్ మేనేజర్ అనుకుని, మూడు హెచ్చరిక గీతలు ఎక్కడ గీసేవారో, ఎవరి పేరు రాసేవారో ఒక పేజీలో రాయండి. పేజీ దాటొద్దు, దాటితే ఎవరూ చదవరు.