గీత పోయి గోడ వచ్చింది: భవన నిర్మాణంలో 'బిమ్' పద్ధతి



వార్షికోత్సవ సంచికకు "నీ ఉద్యోగం గురించి రాయన్నా" అని తమ్ముళ్లు ఫోన్ చేశారు. కిందటేడు వచ్చినప్పుడు నా పని గురించి చెప్పబోతే ఒక తమ్ముడు "అంటే ఇళ్లకు ప్లాన్లు గీస్తావా అన్నా" అన్నాడు. అవునన్నాను గానీ ఆ జవాబు పూర్తి నిజం కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో గీసేవాణ్ణి. ఇప్పుడు కంప్యూటర్లో కడుతున్నాను. ఈ తేడా తెలియక నేనూ, నాకంటే పెద్దవాళ్లూ చాలా పోగొట్టుకున్నాం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మన హాస్టల్లో పదో తరగతి పాసై, పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లమా చేసి, 2006లో హైదరాబాదులో ఒక చిన్న కన్సల్టెన్సీ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాను. రెండేళ్ల తర్వాత ఒక జిల్లా కేంద్రంలో మూడంతస్తుల ఆసుపత్రి పని వచ్చింది. ఆర్కిటెక్టు ఇచ్చిన షీట్లో ఫాల్స్ సీలింగ్ నేల నుంచి 2,700 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలని ఉంది. స్ట్రక్చరల్ ఇంజనీరు షీట్లో బీము లోతు స్లాబుతో కలిపి 750. ఏసీ వాళ్ల షీట్లో డక్టు లోతు, చుట్టూ వేసే పొరతో సహా, 450. అంతస్తు ఎత్తు 3,600. ఇప్పుడు లెక్క వేయండి (సులువు కోసం ఫ్లోరింగ్ మందం వదిలేస్తున్నాను). 3,600లో 750 తీసేస్తే బీము కింద మిగిలేది 2,850. సీలింగు 2,700 దగ్గర ఉంటే మధ్యలో సందు 150. అందులో 450 మందం డక్టు ఎలా పడుతుంది?

మూడు షీట్లూ దేనికది కరెక్టే. మూడింటినీ శుభ్రంగా గీసింది నేనే. స్లాబు పడ్డాక, డక్టు బిగించడానికి వచ్చిన కుర్రాళ్లు బీముకు చిప్పింగ్ మొదలుపెట్టారు. సైట్ ఇంజనీరు సమయానికి చూసి ఆపాడు కాబట్టి సరిపోయింది. చివరికి సీలింగును 2,400కి దించారు. ఆసుపత్రి వాళ్లు గొడవ చేశారు. ఆఫీసులో తప్పు ఎవరి నెత్తిన పడిందో చెప్పక్కర్లేదు. నాకు ఆ నెల సగం జీతమే వచ్చింది.

మా నాన్న తాపీ మేస్త్రి. చదువు లేదు. ఇంటికెళ్లి జరిగింది చెబితే అంతా విని ఒకటే అడిగాడు: "ఎత్తు ఏ కాగితంలో ఉందిరా?"

నేను జవాబు చెప్పలేకపోయాను. ప్లాన్ అంటే పొడవు, వెడల్పు. ఎత్తు కావాలంటే సెక్షన్ చూడాలి. సెక్షన్ ఎక్కడో ఒక గీత దగ్గర కోసి చూపిస్తారు. ఆ డక్టు ఆ గీత మీద లేదు. నాన్న ముగ్గు పోసేటప్పుడే కట్టబోయే ఇంటిని నిలబెట్టి చూసుకునేవాడు. మేం ఆరు షీట్లలో ముక్కలు చేసి గీసి, ఆ ముక్కల్ని కలిపి చూసే పని మాత్రం ఎవరికీ అప్పగించలేదు.

ఆ కలిపి చూసే పనే బిమ్. పూర్తి పేరు బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్. 1982లో వచ్చిన ఆటోక్యాడ్ లాంటి సాఫ్ట్‌వేర్లో మనం గోడ గీస్తే అది రెండు సమాంతర గీతలు. గోడ అని మనకు తెలుసు, కంప్యూటరుకు తెలియదు. డ్రాయింగ్ బోర్డు, మినీ డ్రాఫ్టరు స్థానంలో మౌసు వచ్చిందంతే. బిమ్‌లో గోడ గోడే. దానికి పొడవు, మందం, ఎత్తు ఉంటాయి. ఇటుకా, సిమెంటు దిమ్మా, ప్లాస్టరింగ్ ఎంత మందం, ఏ గది వైపు ఏ రంగు, అన్నీ దానిలోనే ఉంటాయి. తలుపు పెడితే అది ఫలానా గోడలో ఉన్న తలుపు. గోడ జరిపితే తలుపూ జరుగుతుంది.

మన హాస్టల్ గది లాంటిదాన్నే తీసుకుందాం. లోపలి కొలత 9 మీటర్లు, 6 మీటర్లు. గోడ మందం 0.23, ఎత్తు 3 మీటర్లు. గోడల మధ్య గీత వెంట చుట్టుకొలత 30.92 మీటర్లు. దాన్ని మందంతో, ఎత్తుతో గుణిస్తే 21.33 ఘనపు మీటర్లు. ఒక తలుపు (1 మీటరు వెడల్పు, 2.1 ఎత్తు), నాలుగు కిటికీలు (1.2కి 1.2) తీసేస్తే మిగిలే కట్టుబడి 19.53. ఇప్పుడు వార్డెన్ సారు "గాలి చాలదు, ఇంకో కిటికీ పెట్టండి" అన్నారనుకోండి. పాత పద్ధతిలో ప్లానులో మార్చాలి, ఎలివేషన్లో మార్చాలి, సెక్షన్లో మార్చాలి, కిటికీల పట్టికలో 4ను 5 చేయాలి, ఎస్టిమేటులో కట్టుబడిని 19.20కి తగ్గించాలి. ఐదు చోట్లలో ఒక చోట మరిచిపోతే అక్కడ ఒక తప్పు పుట్టినట్టే. ఘనపు మీటరుకు సుమారు 500 ఇటుకల లెక్కన ఇది 165 ఇటుకల తేడా. ఒక గదికి ఏమీ కాదు. 400 గదుల భవనానికి లారీలు లెక్కపెట్టుకోవాలి. బిమ్‌లో కిటికీని ఒక్కసారి గోడలో పెడితే మిగతా నాలుగూ వాటంతటవే మారతాయి, ఎందుకంటే అవన్నీ ఆ ఒక్క నమూనాను వేర్వేరు వైపుల నుంచి చూడడమే.

ఈ నమూనాకు పనుల తేదీలు జతచేస్తే 4డి అంటారు. ఏ నెలకు భవనం ఎంతవరకు లేస్తుందో తెరమీద చూడొచ్చు. ఖర్చు కూడా జతచేస్తే 5డి. మన దేశంలో నాగపూర్ మెట్రో పనుల్లో ఈ 5డి పద్ధతి వాడారు.

ఇది కొత్త ఆలోచన అనుకుంటారేమో. అమెరికాలో చార్లెస్ ఈస్ట్‌మన్ అనే ప్రొఫెసరు 1975లోనే, డ్రాయింగులకు బదులు కంప్యూటర్లో భవనాన్నే దాచుకోవచ్చని వ్యాసం రాశాడు. హంగరీలో 1982లో మొదలైన గ్రాఫిసాఫ్ట్ కంపెనీ ఆర్కిక్యాడ్ తెచ్చింది. 2000లో రెవిట్ వచ్చింది, 2002లో దాన్ని ఆటోడెస్క్ కొనేసింది. అంటే ఆలోచన పుట్టాక పాతికేళ్లకు పైగా కట్టుబడి కంపెనీల్లో చాలావరకు దీని జోలికి పోలేదు. ఎందుకు? నాకు ఆసక్తి కలిగించేది ఈ ప్రశ్నే.

ఖరీదు అని అందరూ చెబుతారు. నిజమే, సాఫ్ట్‌వేరూ, దాన్ని మోసే కంప్యూటర్లూ చౌక కావు. కానీ నేను చూసినంతలో అసలు కారణం వేరు. కట్టుబడి వ్యాపారం నడిచేదే ఎవరి కాగితం వాళ్లది, ఎవరి తప్పు వాళ్లది అనే పద్ధతిలో. ఆర్కిటెక్టు వేరు, స్ట్రక్చర్ వేరు, కరెంటు, ప్లంబింగ్, ఏసీ వేరు. అందరూ ఒకే నమూనాలో పనిచేస్తే ఎవరు ఏం మరిచిపోయారో మొదటి వారంలోనే బయటపడుతుంది. అది అందరికీ ఇష్టమైన సంగతి కాదు. ఆ నమూనా ఎవరి ఆస్తి, అందులో తప్పుంటే ఎవరు జవాబుదారీ అన్నది కాంట్రాక్టు కాగితాల్లో ఉండేది కాదు.

డబ్బు ఎప్పుడొస్తుందన్నది ఇంకో చిక్కు. పాట్రిక్ మెక్‌లీమీ అనే అమెరికన్ ఆర్కిటెక్టు 2004 ప్రాంతంలో ఒక గ్రాఫు గీసి చూపించాడు. పని ముందుకు సాగేకొద్దీ మార్పు చేసే వీలు తగ్గుతుంది, మార్పుకయ్యే ఖర్చు పెరుగుతుంది. కాబట్టి కష్టమంతా మొదట్లోనే పడాలన్నాడు. బాగుంది. కానీ మన దగ్గర డిజైనరుకు ఫీజులో ఎక్కువ భాగం వర్కింగ్ డ్రాయింగులు ఇచ్చాకే వస్తుంది. కష్టం ముందు, కూలి తర్వాత అంటే చిన్న ఆఫీసు ఎలా తట్టుకుంటుంది? పైగా అది మిగిల్చే డబ్బు యజమానికి మిగులుతుంది గానీ నమూనా చేసినవాడికి కాదు.

ఒకరి సాఫ్ట్‌వేర్లో చేసింది మరొకరి సాఫ్ట్‌వేర్లో తెరుచుకోకపోవడం మరో తలనొప్పి. దీనివల్ల అమెరికాలో ఏటా 1,580 కోట్ల డాలర్ల నష్టమని అక్కడి జాతీయ ప్రమాణాల సంస్థ 2004లో లెక్క తేల్చింది. అన్ని సాఫ్ట్‌వేర్లూ చదవగలిగే ఐఎఫ్‌సీ అనే ఉమ్మడి ఫైలు పద్ధతి ఈ బాధ తీర్చడానికే వచ్చింది. సగమే తీరింది.

ఎవరికి వాళ్లు మారరని తెలిసి ప్రభుత్వాలు చేయి వేశాయి. అమెరికాలో ప్రభుత్వ భవనాలు చూసే జీఎస్‌ఏ 2003లో కార్యక్రమం మొదలుపెట్టింది. సింగపూరు 2013 నుంచి పెద్ద భవనాల అనుమతులకు బిమ్ నమూనాలే ఇవ్వాలంది, 2015 నాటికి 5,000 చదరపు మీటర్లు దాటిన కొత్త భవనాలన్నిటికీ వర్తింపజేసింది. బ్రిటన్ ప్రభుత్వం 2011 మేలో ఐదేళ్ల గడువు పెట్టింది. 2016 ఏప్రిల్ నాటికి కేంద్ర ప్రభుత్వ శాఖలు కట్టించే పనులన్నీ బిమ్‌లో జరగాలని చెప్పింది. డబ్బు పెట్టేవాడు అడిగితే కాంట్రాక్టరు కాదనలేడు కదా. పెద్ద కంపెనీలు మారాయి. నలుగురైదుగురితో నడిచే చిన్న సంస్థలు మాత్రం అక్కడా వెనకబడే ఉన్నాయి. బ్రిటన్‌లో తయారైన ఆ నియమాల ఆధారంగానే 2018లో ఐఎస్‌ఓ 19650 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది.

అదే దేశంలో 2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ అనే 24 అంతస్తుల భవనం తగలబడి 72 మంది చనిపోయారు. ఆ ఇళ్లలో ఉన్నవాళ్లలో చాలామంది మనలాంటి సామాన్యులే. అంతకుముందు మరమ్మతుల్లో గోడలకు బయట అతికించిన పలకల మధ్యలో పాలిథిలీన్ ఉంది, అదే మంటను పైకి మోసింది. తర్వాత సమీక్ష చేసిన జుడిత్ హాకిట్ 2018 నివేదికలో, ఎత్తయిన నివాస భవనాల్లో ఏ వస్తువు ఎక్కడ వాడారో, ఎవరు మార్చారో డిజిటల్ రికార్డు ఉండి తీరాలని చెప్పారు. 2022లో అది చట్టంలోకి ఎక్కింది. కాంట్రాక్టరుకు మిగిలే డబ్బు లెక్క ఒకటైతే ఇది ఇంకొకటి. గోడలో ఏముందో లోపల పడుకునేవాడి కోసం ఎక్కడో రాసి ఉండాలి.

ఇక మన హైదరాబాదు సంగతి. విదేశాల్లో కట్టే భవనాలకు నమూనాలు, స్టీల్ డీటెయిలింగ్ చేసే ఆఫీసులు ఇక్కడ చాలా ఉన్నాయి. ఇప్పుడు నేను పనిచేసేదీ అలాంటి చోటే. ఇంగ్లండులో ఒక స్కూలు భవనంలో ప్రతి పైపూ నాకు తెలుసు. ఆ ఊరు మాత్రం చూడలేదు.

అక్కడ మొదట నేర్చుకున్నది ఘర్షణల తనిఖీ. అన్ని విభాగాల నమూనాలూ ఒకచోట కలిపి, ఏది దేన్ని గుద్దుతోందో కంప్యూటర్ని అడుగుతాం. మొదటిసారి నడిపినప్పుడు నాలుగు వేల పైచిలుకు వచ్చాయి. గుండె జారింది. మా లీడరు మేడమ్ నవ్వి, "ఇందులో నిజమైనవి వంద కూడా ఉండవు, వెతుకు" అన్నారు. పైపు గోడలోంచి పోతే అది గుద్దుకోవడం కాదు, స్లీవ్ పెడితే చాలు. అదే పైపు బీములోంచి పోతే ఆగాలి. ఏది ఏదో చెప్పగలిగేది సైటు తెలిసినవాడే. ఆసుపత్రి డక్టు ఇలాంటి జాబితాలో ఉండి ఉంటే నిమిషంలో దొరికేది.

అన్ని కంపెనీలూ మనస్ఫూర్తిగా మారాయని అనుకోకండి. పాత పద్ధతిలోనే షీట్లు గీసేసి, పని సగమయ్యాక, క్లయింటు అడిగాడని ఆ షీట్లు చూసి నమూనా చేయించేవాళ్లున్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అది. తప్పు దొరుకుతుంది, స్లాబు మాత్రం అప్పటికే పడిపోయి ఉంటుంది.

నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం ఒకటుంది. మా పాత ఆఫీసు కూడా తర్వాత రెండు లైసెన్సులు కొంది. ఇద్దరు కొత్త బీటెక్ ఇంజనీర్లను శిక్షణకు పంపింది. నాకు అక్షరాలు రాయడం దగ్గర్నుంచి నేర్పిన పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ అన్నను పంపలేదు. "ఈ వయసులో నీకెందుకులే" అన్నారు. బీము డ్రాయింగు చూపిస్తే ఏ కమ్మీ తక్కువైందో వేలుపెట్టి చెప్పే మనిషి. ఏడాదికి ఆయన పని పోయింది. ఆ కుర్రాళ్లకు బటన్లు తెలుసు, నమూనాలు అందంగా వచ్చేవి. కానీ టాయిలెట్ స్లాబు కిందికి దించాలని, దించకపోతే పైపులకు వాలు రాదని వాళ్లకు చెప్పేవాడు లేడు. రెండూ పక్కపక్కన కూర్చుని చేయాల్సిన పని. అక్కడ కూర్చోబెట్టలేదు. నేను బయటపడింది తెలివితో కాదు. స్నేహితుడి గదిలో రాత్రిళ్లు అతని కంప్యూటర్ మీద నేర్చుకునే వీలు దొరికింది, అంతే.

పాలిటెక్నిక్, ఐటీఐల్లో సివిల్ తీసుకోవాలనుకునే తమ్ముళ్లకు: వేలకు వేలు ఫీజు కట్టి మూడు నెలల కోర్సులో చేరే ముందు నాకొక ఫోన్ చేయండి. విద్యార్థులకు రెవిట్ ఉచితంగానే ఇస్తారు, కాలేజీ గుర్తింపు ఉంటే చాలు. ఫ్రీక్యాడ్ అయితే ఎవరికైనా ఉచితం, 2024లో వచ్చిన దాని 1.0 రూపంలో బిమ్ పనిముట్లు కూడా చేర్చారు. ఈలోగా సెలవుల్లో దగ్గర్లో ఏ ఇల్లు కడుతున్నా వెళ్లి సెంట్రింగ్ కొట్టేటప్పుడు, కమ్మీ కట్టేటప్పుడు నిలబడి చూడండి. మేస్త్రిని అడగండి, విసుక్కోకుండా చెబుతారు.

దసరా సెలవులకు ముందు శని, ఆదివారాలు నేను నా ల్యాప్‌టాప్ తీసుకుని హాస్టల్‌కు వస్తున్నాను. వార్డెన్ సారుతో మాట్లాడాను. మన హాస్టల్ భవనం నమూనా మీతోనే చేయిస్తాను. నేను వచ్చేలోగా ఇద్దరిద్దరు కలిసి ఒక్కో గది కొలిచి పెట్టండి. 30 మీటర్ల టేపు సారు దగ్గర ఉంది. పొడవు, వెడల్పు, గోడ మందం, తలుపులు, కిటికీలు, నేల నుంచి కిటికీ దాకా ఎంత, వంటగదిలో పొగగూడు ఎక్కడ, బాత్‌రూముల పైపులు ఎటు పోతున్నాయి, అన్నీ పుస్తకంలో రాయండి. గది ఎత్తు, బీము కింద ఎత్తు విడివిడిగా రాయండి.