పనిలో ఓపిక సన్నగిల్లితే ముందు ఏ పరీక్ష?

కర్లపాలెం, పేరలి, యాజలి వైపు నాట్ల రోజుల్లో ఆడవాళ్ళు తెల్లవారుజామునే క్యారేజీ కట్టుకుని ఆటో ఎక్కుతారు. అంగన్‌వాడీలోనో, సచివాలయంలోనో, బట్టల కొట్టులోనో పనిచేసేవాళ్ళున్నారు. బాపట్లలో రైలెక్కి తెనాలి, గుంటూరు దాకా రోజూ వెళ్ళొచ్చేవాళ్ళున్నారు. నలభై దాటేసరికి వీళ్ళలో చాలామంది నోట ఒకటే మాట: "ఓపిక ఉండట్లేదు." ఈ మధ్య ఫోన్లో వీడియోలు చూసి దానికో కారణం కూడా చెప్పుకుంటున్నారు. పని ఒత్తిడికి అడ్రినల్ గ్రంథులు అలిసిపోయాయట, అందుకే థైరాయిడ్ కూడా మందగించిందట. ఆ మాట నమ్మి డబ్బాలకు డబ్బాలు మాత్రలు తెప్పించుకునేవాళ్ళను చూస్తే నాకు భయమేస్తోంది.

'అడ్రినల్ ఫెటీగ్' అన్న పేరు 1998లో అమెరికాలో జేమ్స్ విల్సన్ అనే కైరోప్రాక్టర్ (వెన్నుపూసను చేతులతో సర్ది చికిత్స చేసేవాడు) పెట్టినది. మూత్రపిండాల మీద చిన్న టోపీల్లా కూర్చుని ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోను తయారుచేస్తాయి. ఏళ్ళ తరబడి ఒత్తిడి పడితే ఆ తయారీ తగ్గిపోతుందన్నది ఆయన వాదన. 2016లో బ్రెజిల్ పరిశోధకులు ఇద్దరు 58 అధ్యయనాలను జల్లెడ పట్టి, అలాంటి జబ్బు ఉందనడానికి ఆధారం లేదని తేల్చారు. హార్మోన్ల వైద్యులు కూడా దాన్ని జబ్బుగా ఒప్పుకోరు. మీ నీరసం అబద్ధమని దీనర్థం కాదు. నీరసం నిజం, దానికి కారణం వేరే చోట వెతకాలి.

ఆ డబ్బాల సంగతి కూడా తెలుసుకోండి. అమెరికాలో అడ్రినల్ బలానికని అమ్ముతున్న 12 రకాల మాత్రలను పరీక్షిస్తే అన్నిటిలోనూ థైరాయిడ్ హార్మోను బయటపడింది, ఏడింటిలో స్టెరాయిడ్లు కూడా ఉన్నాయి. 2018లో మేయో క్లినిక్ వారి పత్రికలో ఆ వివరాలు వచ్చాయి. వేసుకున్న నాలుగు రోజులు హుషారుగా అనిపించిందంటే ఎందుకో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ముందుగా చూడాల్సింది థైరాయిడ్‌నే. హైదరాబాద్‌తో కలిపి దేశంలోని ఎనిమిది నగరాల్లో చేసిన సర్వే ఫలితాలు 2013లో వచ్చాయి. పెద్దవాళ్ళలో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ తక్కువగా ఉన్నట్టు తేలింది. పనిచేసే చోట ఇది రకరకాలుగా కనబడుతుంది. పాఠం చెప్పే టీచరు గొంతు బొంగురుపోతుంది. లెక్కలు రాసేవాళ్ళు నిన్న రాసింది మరిచిపోతారు. ఏసీ గదిలో అందరికీ బాగానే ఉంటే ఒకరికి మాత్రం వణుకు పుడుతుంది. పొద్దున మొహం ఉబ్బడం, మలబద్ధకం, నెలసరి ఎక్కువగా రావడం, తిండి పెరగకపోయినా ఒళ్ళు రావడం కూడా ఉంటాయి. థైరాయిడ్ పనితీరు తెలిపే టీఎస్‌హెచ్, టీ4 పరీక్షలకు ఒక్కసారి రక్తమిస్తే చాలు. అదే రక్తంతో హిమోగ్లోబిన్, షుగరు, బీ12 కూడా చూడమనండి. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్ళు రక్తహీనతతో ఉన్నారు, నీరసానికి అదొక్కటే కారణం కావచ్చు. మరొక మాట. చినగంజాం ఉప్పు మడులు మనకు దగ్గరే అయినా వంటకు మాత్రం అయోడిన్ కలిపిన ఉప్పే వాడండి. అలాగని థైరాయిడ్ తగ్గుతుందని అయోడిన్ చుక్కలు కొనుక్కుని వేసుకోవద్దు.

ఇంతకీ అడ్రినల్‌కూ థైరాయిడ్‌కూ అసలు సంబంధమే లేదా అంటే, ఉంది. అరుదే కానీ తెలియకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

అడ్రినల్ గ్రంథులు నిజంగానే దెబ్బతినే జబ్బును 1855లో లండన్ వైద్యుడు థామస్ అడిసన్ వివరించాడు. అందుకే దాన్ని అడిసన్ జబ్బు అంటారు. మన దేశంలో క్షయ వల్ల కూడా ఇది వస్తుంది. కొందరిలో ఒంట్లోని రోగనిరోధక శక్తే అడ్రినల్ మీదా థైరాయిడ్ మీదా దాడిచేస్తుంది. ఇలా రెండూ ఒకే మనిషిలో చెడిపోవడాన్ని 1926లో ష్మిట్ అనే జర్మన్ వైద్యుడు గుర్తించాడు. అలాంటివాళ్ళకు టీఎస్‌హెచ్ ఒక్కటే చూసి థైరాయిడ్ మాత్ర మొదలుపెడితే, బోరులో నీళ్ళు లేకుండా మోటారు వేసినట్టే. ఉన్న కాస్త కార్టిసాల్ త్వరగా ఖర్చయిపోయి బీపీ పడిపోతుంది. వాళ్ళకు ముందు కార్టిసాల్ లోటు తీర్చి, ఆ తర్వాతే థైరాయిడ్ మాత్ర ఇవ్వాలి. ఒక్కోసారి అడ్రినల్ లోటు తీరగానే కొద్దిగా పెరిగిన టీఎస్‌హెచ్ దానంతటదే దిగుతుంది కూడా.

అడ్రినల్ లోటును గుర్తుపట్టే ఆనవాళ్ళు కొన్నున్నాయి. థైరాయిడ్ తగ్గితే ఒళ్ళు వస్తుంది, ఇక్కడ మనిషి చిక్కిపోతాడు. ఆకలి చచ్చిపోతుంది, వాంతులవుతాయి, కూర్చున్నచోటి నుంచి లేస్తే కళ్ళు తిరుగుతాయి, ఉప్పు మీదికి మనసు పోతుంది. ఒళ్ళు నల్లబడుతుంది. పొలంలో పనిచేసేవాళ్ళు నల్లబడ్డారంటే ఎండే అనుకుంటాం, కాబట్టి ఎండ తగలని చోట చూడాలి. వెలుతురులో అరచెయ్యి చాపి గీతలు చూసుకోండి, అద్దం ముందు పెదవి పైకెత్తి చిగుళ్ళు చూసుకోండి, పాత ఆపరేషన్ మచ్చ రంగు మారిందేమో చూసుకోండి. చిగుళ్ళ నలుపు కొందరికి పుట్టుకతోనే ఉంటుంది, కొత్తగా వస్తేనే అనుమానించాలి.

కాన్పులో బాగా రక్తం పోయిన ఆడవాళ్ళ సంగతి వేరు. తలలో ఉండే పిట్యూటరీ గ్రంథి అప్పుడు దెబ్బతింటే థైరాయిడ్, అడ్రినల్ రెండూ మందగిస్తాయి. బిడ్డకు పాలు పడకపోవడం, నెలసరి మళ్ళీ రాకపోవడం దీనికి గుర్తులు. ఇందులో టీఎస్‌హెచ్ మామూలుగానే కనబడవచ్చు. టీ4 కూడా చూడమన్నది ఇందుకే. కాన్పు జరిగి పదేళ్ళయినా సరే, ఆ విషయం డాక్టరుకు చెప్పాలి.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టేది స్టెరాయిడ్ల వాడకం. నాట్లు వేసి నడుం పట్టేసినవాళ్ళు, మోకాళ్ళు అరిగినవాళ్ళు ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని మర్నాడే పనికి పోతారు. కొందరు పేరులేని పొట్లాల్లో ఇచ్చే కీళ్ళనొప్పుల పొడి నెలల తరబడి మింగుతారు. వాటిలో డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ ఉంటే మొహం గుండ్రంగా ఉబ్బుతుంది, కాళ్ళూ చేతులూ సన్నబడతాయి. బయటి నుంచి స్టెరాయిడ్ అందుతుంటే అడ్రినల్ గ్రంథులు పని మానేస్తాయి. డబ్బుల్లేకో, భయపడో ఒక్కసారిగా ఆపితే మనిషి కుప్పకూలుతాడు. మన పల్లెల్లో అడ్రినల్ నిజంగా చతికిలబడేది ఎక్కువగా ఇలాగే. వాడుతున్నవాళ్ళు సొంతంగా ఆపవద్దు. ఖాళీ స్ట్రిప్పులు, పొట్లం కాగితం సహా తీసుకెళ్ళి డాక్టరుకు చూపించండి, మెల్లగా తగ్గిస్తారు. స్టెరాయిడ్ల వల్ల టీఎస్‌హెచ్ కూడా తక్కువగా కనబడుతుంది, అందుకే దాచకుండా చెప్పాలి.

అనుమానం ఉంటే బాపట్ల ఏరియా ఆసుపత్రిలో మొదలుపెట్టండి. వాళ్ళు రాసిస్తే గుంటూరు పెద్దాసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్ ఉన్నాయి. కార్టిసాల్ పరీక్షకు పొద్దున ఎనిమిది గంటల ప్రాంతంలో రక్తం ఇవ్వాలి. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునేవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే పరీక్షకు రెండు రోజుల ముందు ఆపాలి, లేకపోతే థైరాయిడ్ లెక్కలు తప్పుగా వస్తాయి.

థైరాయిడ్ మాత్ర రాస్తే పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని అరగంట నుంచి గంట ఆగాకే టీ తాగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. చీకటితో లేచి టీ తాగి పనికి పోయేవాళ్ళకు ఇది కుదరదు. రాత్రి భోజనం చేసిన మూడు గంటలకు, పడుకోబోయే ముందు వేసుకోవచ్చేమో డాక్టరును అడగండి. మాత్రల సీసా కిటికీలోనో, పొయ్యి పక్కనో, బండి డిక్కీలోనో పెట్టవద్దు, మన ఎండలకు మందు పాడవుతుంది. టీఎస్‌హెచ్ మళ్ళీ చూసేది ఆరు నుంచి ఎనిమిది వారాలకు. రెండు వారాల్లో తేడా కనబడలేదని డాక్టరును మార్చవద్దు, ఉద్యోగం మానేద్దామనీ అనుకోవద్దు. గర్భం వచ్చిందని తెలియగానే డాక్టరుకు చెప్పండి, అప్పుడు మోతాదు పెంచాల్సి ఉంటుంది.

పై అధికారితో "ఒంట్లో బాగోలేదు" అని ఊరుకోకుండా, రిపోర్టు చూపించి రెండు నెలలు రాత్రి డ్యూటీ వద్దని అడగండి. కావాల్సిందేమిటో స్పష్టంగా చెబితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. నెలజీతం 21,000 రూపాయల లోపు ఉండి ఈఎస్‌ఐ కట్ అవుతుంటే, చందా షరతులు పూర్తయినవాళ్ళకు సిక్‌లీవులో జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. దానికి ఈఎస్‌ఐ డాక్టరు సర్టిఫికెట్ తప్పనిసరి.

ఇక అడ్రినల్ లోటు నిర్ధారణై హైడ్రోకార్టిసోన్ మాత్రలు వాడుతున్నవాళ్ళు ఒక్క పూట కూడా మానకూడదు. జ్వరం వస్తే మోతాదు ఎంత పెంచాలో ముందే రాయించుకోవాలి. వాంతులై మాత్ర కడుపులో నిలవకపోతే ఇంజెక్షన్ పడాల్సిందే, ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. జబ్బు పేరు, మందు పేరు, ఇంటివాళ్ళ నంబరు రాసిన చీటీ పర్సులో పెట్టుకుని, అది ఎక్కడుందో పక్కన పనిచేసేవాళ్ళలో కనీసం ఒకరికి చెప్పి ఉంచండి.