మెకానిక్ అంటే చదువు అబ్బనివాడేనా?

"పదో తరగతి ఫస్టు క్లాసులో పాసయినోడు గ్రీజు పూసుకోని బతకాల్నా సార్?" తిరుపతి, చిత్తూరు తల్లిదండ్రుల నోట ఈ మాట విని విని విసుగొచ్చింది. మెకానిక్ పని తెలివైన పిల్లలు చేయాల్సింది కాదని వాళ్ల నమ్మకం. షెడ్డులో గంటసేపు నిలబడి చూసినవాళ్లు ఆ మాట అనరు.

క్లచ్ సంగతే తీసుకోండి. పాత మారుతి 800 వస్తుంది. తిరుమల ఎక్కుతుంటే ఇంజన్ అరుస్తోందిగానీ బండి లాగడం లేదంటాడు ఓనరు. ఘాట్‌లో బస్సుల వెనక హాఫ్ క్లచ్ మీద పాకించిన బండికి ప్లేటు అరగడం మామూలే. అయినా పని తెలిసినవాడు వెంటనే గేర్‌బాక్స్ దించడు. ముందు పెడల్ ఫ్రీ ప్లే చూస్తాడు. కేబుల్ మరీ బిగుతుగా ఉంటే ప్లేటు బాగున్నా క్లచ్ జారుతుంది. వదులైతే గేరు గరగరమంటుంది. రెండింటికీ సర్దితే చాలు. అదీ సరిగ్గానే ఉంటే హ్యాండ్‌బ్రేక్ లాగి, మూడో గేరులో పెట్టి, కొంచెం రేజ్ చేసి క్లచ్ మెల్లగా వదులుతాడు. ఇంజన్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతోందంటే ప్లేటు పోయినట్టే. పెడల్ తొక్కితేనే కూత వస్తే రిలీజ్ బేరింగ్‌ను అనుమానించాలి. కదిలేటప్పుడు బండి వణికితే ప్లేటుకు ఆయిల్ అంటిందేమో చూడాలి. ఆయిల్ సీల్ మార్చకుండా కొత్త ప్లేటు వేస్తే డబ్బు దండగ. ఇది బట్టీకి లొంగే విద్య కాదు.

ఈ పని నేర్చుకోవడానికి దారి ఐటీఐ. అక్కడ మోటార్ వెహికల్ మెకానిక్ ట్రేడు రెండేళ్లు, పది పాసైతే చాలు.

అసలు జాగ్రత్త కాలేజీ ఎంపికలో ఉండాలి. "హాజరు అక్కర్లేదు, సర్టిఫికెట్ ఇప్పిస్తాం" అనే ప్రైవేటు ఐటీఐ గుమ్మం తొక్కకండి. విప్పిన ఇంజన్, నూనె చేతుల పిల్లలు కనిపించని వర్క్‌షాపుకు ఫీజు కట్టకండి. ఇప్పుడు కొత్త వల ఈవీ కోర్సు. కరెంటు కారుకు క్లచ్ ఉండదన్నది నిజమే. కానీ మారుతి 800 తయారీ 2014లో ఆగినా బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఐటీఐ పునాది వేసుకున్నాక ఈవీ నేర్చుకుంటే మంచిదే. నాలుగు వారాల సర్టిఫికెట్ కోసం అప్పు చేయడం మాత్రం తెలివితక్కువతనం. అంతకన్నా పెద్ద దండగ, లెక్కలంటే వణికే పిల్లవాణ్ని ఎంపీసీ హాస్టల్లో పడేసి, ఎలాగోలా బీటెక్ సీటు కొని, బ్యాక్‌లాగ్‌లు లెక్కపెట్టుకోవడం. వాడి ముఖం చూసైనా ఆపండి.

ఐటీఐ అయ్యాక శ్రీసిటీలో 2016లో మొదలైన ఇసుజు లాంటి వాహన ఫ్యాక్టరీలు ఆకర్షిస్తాయి. జీతం దొరకొచ్చుగానీ, అసెంబ్లీ లైన్‌లో రోజంతా ఒకే పని. రోగం కనిపెట్టే నైపుణ్యం అక్కడ రాదు. నా ఓటు ఆర్టీసీ డిపోలోనో, సర్వీస్ సెంటర్‌లోనో అప్రెంటిస్‌షిప్‌కే. సొంత షెడ్డు ఆలోచన ఆ తర్వాత. ఒక్క మాట: పిల్లవాడికి ఇష్టముందని బడి మాన్పించి షెడ్డులో పెట్టకండి, 14 ఏళ్లు నిండనివాళ్లను పనిలో పెట్టడం నేరం.

ఈసారి అడ్మిషన్లకు ముందు పిల్లవాణ్ని వెంటబెట్టుకుని దగ్గర్లోని ప్రభుత్వ ఐటీఐ వర్క్‌షాపు చూసి రండి. కోచింగ్ సెంటరు గురించి ఆ తర్వాత ఆలోచించవచ్చు.